ఆఱబెట్టరాని వస్తువు

మన యిండ్లలో దాచుట యన్న ఆఱబెట్టుట యనియే యర్థము. కందులైనను మినుములైనను ఎండలో పోసి, చేతిలో గలగలలాడిన పిమ్మటనే డబ్బాల కెత్తుదుము. ఆవకాయ జాడీని కడిగి, తుడిచి, ఎండలో బోర్లించి, లోపల చెమ్మ చుక్కయైనను లేదని వ్రేలితో తడవి చూచుకొని, అప్పుడుగాని అందులో కాయ వేయము. పట్టుచీరలకు, పుస్తకములకు, ఇనుప సామానునకు దేనికైనను తడియే శత్రువు. మా అమ్మ నాకు నేర్పిన గృహధర్మములలో నిది మొదటిది. కాపురమునకు వచ్చిన తరువాత మా అత్తగారు మరల నేర్పినదియు నిదియే. ఈ ధర్మమును నమ్మి నేనొక వస్తువును పాడుచేసితిని. దానివలన మా నాన్నగారికి కలిగిన నష్టము రూపాయలలో లెక్కకు వచ్చునది కాదు. రెండవమాఱు అదే వస్తువును దాచవలసి వచ్చినప్పుడు ఏమి చేసితినో సోదరీమణులకు చెప్పవలెనని యిది వ్రాయుచున్నాను.

ఆ వస్తువు ఇంకుజెట్టు ప్రింటరు. పిల్లల చదువులకని ఇప్పుడు చాల యిండ్లలోనికి వచ్చినదే. మా యింటికది వచ్చినది పిల్లల కొఱకు కాదు.

నా చదువంతయు మా పుట్టింటి పంచలోనే జరిగినది. అమరము, రఘువంశము, పిమ్మట తిక్కనగారి విరాటపర్వము, అన్నియు నాన్నగారే చెప్పిరి. విరాటపర్వము నాకు చెప్పునప్పుడు ప్రతిపద్యమునకును ప్రతిపదార్థమును, వ్యాకరణ విశేషములను తమ చేతితో వ్రాసియుంచిరి. అట్లు పదునొకండు నోటుపుస్తకములు నిండినవి. ఆయన కలము రాజమహేంద్రవరమున 1932 నుండి చేయుచున్న రత్నం వారి ఎబొనైటు కలము. ఊరికి పోవునప్పుడు దానిలోని సిరాను బుడ్డిలోనికి వంచివేసి, కలమును నీటితో కడిగి, గుడ్డతో ఒత్తి, తడి లేకుండ చేసి పెట్టెలో పెట్టెడివారు. సిరాతో వ్రాయు సాధనము నెట్లు దాచవలెనో నాకు తెలిసినది అదియొక్కటే.

డెబ్బదియైదవ యేట ఆయన కంటి మధ్యభాగము క్షీణింప నారంభించెను. ఈ జబ్బులో చుట్టుప్రక్కల కనబడును గాని, సూటిగా చూచినదే కనబడదు. ఎదుటివాని చెవులు కనబడును, ముఖము కనబడదు. తమ చేతివ్రాత తమకే చదువరాదయ్యెను. ‘అమ్మాయీ, నా పుస్తకములలో తప్పులున్నవి. ఉన్నవని తెలియును, ఎక్కడ నున్నవో కనబడవు’ అనిరి. అచ్చువేయింపవలెనను కోరిక ఆయనకు లేదు. తప్పులు దిద్దవలెనను కోరిక మాత్రమే. అందుచేత 2021లో నేను కూడబెట్టుకొనిన డబ్బుతో ఈ ప్రింటరు కొంటిని. నోటుపుస్తకములలోనిది కంప్యూటరులో టైపు చేయుట, 24 కొలత గల పెద్ద అక్షరములతో అచ్చుతీయుట, కాకినాడలో అన్నయ్య యింటనున్న నాన్నగారికి వారమునకొకసారి పంపుట. ఆయన భూతద్దముతో రోజునకు రెండు పుటలు చదివి, ఎఱ్ఱసిరాతో దిద్ది, మరల నాకు పంపెడివారు. దిద్దుబాట్లలో సగము ఆయన తప్పులు, సగము నా టైపు తప్పులు. అరసున్నల నిప్పుడెవరును వ్రాయరని ఆయనయు ఒప్పుకొనిరి గాని, శకటరేఫమును మాత్రము వదలలేదు.

బజారులో అచ్చుతీయించరాదా యని యడుగుదురు. అదియు చేసి చూచితిని. వారి కంప్యూటరులో మన తెలుగు అక్షరములు విడిపోయి, ఒత్తులు ఒకచోట, దీర్ఘములు ఒకచోట పడెను. అక్షరములు చెదరకుండ పుటను బిగించి పంపు విధానము నాకు తరువాత తెలిసినది. అప్పటికి తెలియదు.

ఇక నేను చేసిన పని. 2023 ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులిచ్చిరి. మేమందఱము అత్తగారి యూరికి బయలుదేరితిమి. తెల్లవారుజామున ఆఖరి నాలుగు పుటలు తీయుచుండగా ఆటో వచ్చినది. చివరి కాగితము వెలువడెనో లేదో మావారు గోడమీది స్విచ్చి ఆపివేసిరి. నేను తొందరలోనే మూత తెఱచి చూచితిని. లోపల కుడిప్రక్క రబ్బరు అంచుగల చిన్న గిన్నెవంటిది, దానిలో మెత్తనిదేదో నల్లగా చెమ్మగా కనబడెను. వంటింటి తూములో జిడ్డు చూచినట్లయినది. పాత గుడ్డ తెచ్చి, దానిని చక్కగా పీల్చునట్లొత్తి తుడిచితిని. బూట్ల పెట్టెలలో వచ్చు సిలికాజెల్ పొట్లములు నాలుగు దాచియుంచితిని, అవి లోపల పడవేసితిని. పాలిథీను సంచిలో కట్టి అటకమీద పెట్టించితిని. ఇంత జాగ్రత్తగా దాచిన దానను నేనేయని లోలోపల సంతోషించితిని కూడ.

ఆఱు వారములకు తిరిగివచ్చితిమి. నడుమ కృత్తిక, రోహిణి కార్తెలు రెండును ఆ అటకమీదుగా గడచినవి. రోహిణిలో ఱోళ్ళు పగులునందురు. డాబా క్రింది అటక సంగతి చెప్పనక్కఱలేదు. ప్రింటరు పెట్టి, కాగితము పెట్టి, మీట నొక్కితిని. కాగితము తెల్లగా వచ్చెను. నల్లసిరా యొక్క చాఱయు లేదు. కంప్యూటరులో ‘హెడ్డు శుభ్రము చేయుము’ అని యున్నది కదాయని చేసితిని. మరల చేసితిని. తొమ్మిదిమాఱులు చేసితినని తరువాత లెక్క తేలినది. సిరా తొట్టిలో మట్టము దిగినదే గాని, కాగితముమీద అక్షరము పడలేదు.

మరమ్మతు చేయు కుఱ్ఱవాడు వచ్చి, విప్పి, హెడ్డును వెలుతురునకు పెట్టి చూచి, ‘అమ్మగారూ, దీన్ని వంకాయ ఒరుగులాగా ఎండబెట్టేశారండీ’ అనెను. కొత్త హెడ్డు తెప్పింపవలెను. ఖరీదు అయిదువేల రూపాయలకు పైన. అది దొరకి, వచ్చి, బిగించునప్పటికి ఆగస్టు వచ్చినది.

ఆ మూడు నెలలకు పైగా నాన్నగారికి కాగితములు లేవు. మొదట ప్రతి ఆదివారమును ఫోనులో ‘అమ్మాయీ, కాగితములు బయలుదేరినవా?’ అని యడిగెడివారు. జూలై నడుమ నుండి అడుగుట మానిరి. ఆగస్టులో నేను పంపిన 24 కొలత పుటలు అట్లే తిరిగివచ్చినవి. ఎఱ్ఱగీత యొకటియు లేదు. ఏప్రిల్ నెలలో చదివిన అక్షరము ఆగస్టున ఆయనకు కనబడలేదు. కంటి వైద్యులు, ‘ఈ జబ్బు ఒకచోట నిలుచునది కాదమ్మా, మీ కాగితములకును దీనికిని సంబంధము లేదు’ అని చెప్పిరి. అది నిజమే. కాని, కన్ను మిగిలియున్న మూడు నెలలు కాగితము లేక పోయినవి, కాగితము వచ్చునప్పటికి కన్ను పోయినది. ఈ లెక్క వైద్యుల లెక్కలో చేరదు, నా లెక్కలో నున్నది. అప్పటినుండి 36 కొలత. పుటకు పదునెనిమిది పంక్తులు పట్టుచుండినచోట పండ్రెండు మాత్రమే. రోజునకు రెండు పుటలకు బదులు ఒకటి.

అప్పుడు నేను ఆ కుఱ్ఱవానిని కూర్చుండబెట్టి, కాఫీ ఇచ్చి, హెడ్డనగా నేమో చెప్పించుకొంటిని. ఆ పిమ్మట చదివి తెలిసికొనిన దానితో కలిపి చెప్పెదను.

ఈ యంత్రమున అచ్చు అక్షరములు లేవు. సిరాను అతిసూక్ష్మమైన రంధ్రముల గుండ చుక్కలు చుక్కలుగా కాగితముమీద చిమ్ముటయే దీని పని. ఆ రంధ్రములు వందలకొలది యుండును. ఒక్కొక్కదాని వెడల్పు తలవెండ్రుక మందములో మూడవ వంతో నాలుగవ వంతో. ఆ చుక్కను చిమ్ముటకు రెండు మార్గములు కలవు. మొదటిది వేడి. 1977లో జపానుదేశపు కేనన్ సంస్థలో, సిరా నిండిన సిరంజి సూదికి సీసము అతుకు కాలిన కడ్డీ తగులగా, సూదికొననుండి సిరా చిమ్మినదట. అచ్చటి ఇంజనీరు ఇచిరో ఎండోగారు దానినిబట్టి, సిరాను క్షణకాలము వేడిచేసి, బుడగ పుట్టించి, ఆ బుడగచేత చుక్కను త్రోయించు పద్ధతిని కల్పించిరి. రెండవ మార్గము స్ఫటికము. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సుదేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. వారిలో పియరుగారు తరువాత మేరీ క్యూరీగారిని వివాహమాడిన వారే. దానికి విలోమముగా, విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము కదలును. ఆ కదలికయే పిచికారివలె సిరాను త్రోయును. మా యింటిది ఈ రెండవ జాతి. సిరా తొట్లు ప్రక్కనుండును, గొట్టముల గుండ సిరా హెడ్డునకు వచ్చును, హెడ్డు యంత్రములో స్థిరముగా నుండును.

సిరాలో ఎక్కువ భాగము నీరే. త్వరగా ఆఱిపోకుండ గ్లిసరిన్ వంటి ద్రవ్యములు కొన్ని కలుపుదురు. చలికాలమున పెదవులకు మనము రాచుకొనునది ఏ పని చేయునో ఇదియు నదే పని చేయును. ఐనను గాలి తగిలిన రంధ్రములో నీరు ఆవిరియై, రంగు గట్టిపడి, బిరడావలె నిలిచిపోవును. రంగు నీటిలో కరగిన సిరాయైనచో మరల తడిపినప్పుడు కరగుటకు ఆశ యుండును. రంగుపొడి నీటిలో తేలియాడు సిరాయైనచో గట్టిపడిన పిమ్మట దానిని కదలించుట కష్టము. మా నల్లసిరా ఈ రెండవ విధమైనది.

నేను జిడ్డనుకొని తుడిచిన గిన్నెయే ఈ హెడ్డునకు ప్రాణరక్ష. పని లేనప్పుడు హెడ్డు కుడిప్రక్కకు పోయి ఆ రబ్బరు గిన్నెమీద కూర్చుండును. రబ్బరు అంచు చుట్టును బిగిసికొనును, లోపలి మెత్తలోని చెమ్మ రంధ్రములను ఆఱనీయదు. మూతపెట్టిన ఊఱగాయ జాడీవంటి దనుకొనుడు. హెడ్డును శుభ్రము చేయునప్పుడు సిరాను పీల్చునదియు ఆ గిన్నె క్రిందనున్న పంపే. యంత్రముమీది మీట నొక్కి ఆపినప్పుడే హెడ్డు తనంత తాను పోయి గిన్నెమీద కూర్చుండును. గోడ స్విచ్చి ఆపినచో ఎక్కడనున్నది అక్కడనే నోరు తెఱచుకొని యుండిపోవును. మావారు ఆ పని చేసిరి. గిన్నెలోని చెమ్మను నేను తుడిచివేసితిని. ఉన్న గాలిలోని తేమను నా పొట్లములు త్రాగివేసినవి. మిగిలినది రోహిణికార్తె చూచుకొనెను. శత్రువు కూడ ఇంత శ్రద్ధగా పాడుచేయడు.

ఇట్లుండగా 2024 నవంబరులో మా అత్తగారు పెరటిలో జాఱిపడి తుంటియెముక విఱుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స యైనది గాని ఆఱుమాసములు మనిషి ప్రక్కనుండవలెను. మావారు ఆ యూరినుండియే బడికి పోయివచ్చునట్లు నిశ్చయించుకొని, పట్టణపు టిల్లు తాళము వేసి మేమందఱము వెళ్ళవలసి వచ్చినది. ప్రింటరు కూడ తీసికొనిపోవలెనని మొదట తోచినది. కాని సిరా నిండిన తొట్లతో బస్సులోను ఆటోలోను మూడుగంటల కుదుపు, అక్కడ రేకుల కప్పు, ధాన్యపు దుమ్ము. అన్నిటికంటె ముఖ్యము, రోగి మంచము ప్రక్కను టైపు చేయు తీరిక నాకు చిక్కదు. అక్కడనున్నను అది ఖాళీగానే యుండును.

ఈ యంత్రమున కన్నిటికంటె మంచి రక్షణ పనిచేయించుటయే. వారమునకో పదిదినములకో ఒకమాఱు నాలుగు రంగులును ఉన్న పుట నొకదానిని తీయించినచో ఏ బాధయు లేదు. ప్రక్కింటి యామెకు తాళము ఇచ్చి ఆ పని అప్పగింతునా యని ఆలోచించితిని. ఆమె మొగమాటమునకు ఒప్పుకొనెడిది. కాని తెలియని చేయి నడుమనే గోడ స్విచ్చి ఆపినచో, నిద్రలోనున్న యంత్రముకంటె ఆ యంత్రమునకే కీడు. నిద్రపుచ్చుటయే మేలని నిశ్చయించితిని.

మరమ్మతు కుఱ్ఱవానిని మరల పిలిపించి యడిగితిని. సంవత్సరములకొలది మూసి పెట్టునట్లయిన, సిరా నంతయు తీసివేసి, నిలువకని ప్రత్యేకముగా చేసిన ద్రవమును గొట్టములలోను హెడ్డులోను నింపుదురు. అది తెలిసినవాని చేతనే చేయింపవలెను. కొందఱు కొళాయినీటితో కడుగుదురట. మా కొళాయినీరు కాచిన గిన్నెలో తెల్లని పొక్కు కట్టును. ఆ పొక్కే వెండ్రుకలో నాలుగవ వంతు రంధ్రములో కట్టినచో ఏమగునో చెప్పనేల? స్పిరిట్టు, గోళ్ళరంగు తీయు మందు మొదలగునవి రబ్బరును, అతుకులను తినివేయవచ్చునట. ఆఱుమాసములకు ఇవేవియు వలదు, సిరాను ఉన్నచోట ఉండనిచ్చి, గిన్నెను మంచిస్థితిలో పెట్టుటయే చాలునని అతడు చెప్పెను. నాన్నగారి కలపు శాస్త్రము ఇచ్చట సరిగా తలక్రిందులు.

ప్రయాణమునకు వారము ముందునుండి పని మొదలుపెట్టితిని. తొట్లలో సిరా అడుగు గీతకు దిగువకు పోయినచో గొట్టములలోనికి గాలి చేరును. కనుక నాలుగింటిని పైగీత దాటకుండ నింపితిని. అంతవఱకు టైపు చేసియున్న నూటయిరువది పుటలను 36 కొలతలో తీసితిని. రోజునకొకటి చొప్పున నాన్నగారికి నాలుగు నెలల చదువు. చివరి రెండు నెలలకు ఏమియు లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పినప్పుడు, ‘చదివినది మరల చదివెదను, తప్పులు రెండవసారి గాని దొరకవు’ అనిరి. ఆ నల్లని పుటల నడుమ అప్పుడప్పుడు నీలము, ఊదా, పసుపు నిండిన పుట నొకటి తీసి, అన్ని రంధ్రములలోను కొత్త సిరా పాఱునట్లు చేసితిని. ఆఖరున నాజిళ్ళ పరీక్షాపత్రము తీసితిని. ఇది సన్నని గీతలతో నాలుగు రంగుల అల్లికవలె నుండును. ఎక్కడ గీత తెగినదో అక్కడి రంధ్రము మూసికొన్నదని గుర్తు. ఒక్క గీతయు తెగలేదు. లోపముతో నిద్రపుచ్చినచో లోపము పెరుగునే గాని తగ్గదు.

ఇక గిన్నె. మందుల దుకాణములో ఇంజక్షనులో కలుపు శుద్ధజలపు చిన్నబుడ్డి దొరకును. అది తెచ్చితిని. హెడ్డు గిన్నెమీద కూర్చుండియుండగా గిన్నె మనకు కనబడదు. యంత్రమును ఆరంభించి, హెడ్డు ఎడమప్రక్కకు కదలినవెంటనే ప్లగ్గు లాగివేయవలెను. మొదటిమాఱు పాడుచేసిన పనియే ఇప్పుడు తెలిసి చేయుచున్నందుకు నా చేయి వణకినది. దూదిపుల్లను ఆ నీటిలో ముంచి రబ్బరు అంచు చుట్టును మెల్లగా తుడిచితిని. అంచుమీద ఎండిన సిరా పొక్కులు, ఒక తలవెండ్రుక కూడ వచ్చినవి. ఆ వెండ్రుకయొక్కటి చాలును, అంచు బిగియక గాలి దూఱుటకు. అది నాదేయని వేఱుగ చెప్పనక్కఱలేదు. లోపలి మెత్తను తుడువలేదు. దానిమీద నాలుగు చుక్కలు వేసితిని. వెంటనే ప్లగ్గు పెట్టి, మీట నొక్కి, హెడ్డు కదలి స్థిరపడువఱకు చూచితిని. ఆరంభములో పంపు కొంత నీటిని పీల్చుకొనును గాని, మెత్త తడిగానే మిగులును. తరువాత యంత్రముమీది మీటతోనే ఆపి, దీపము పూర్తిగా ఆఱినదని కన్నులార చూచి, నూఱు లెక్కపెట్టి, అప్పుడు ప్లగ్గు తీసితిని. మావారిని ఆ గదిలోనికి రానీయలేదు.

తడి మంచిదని వినగానే నాకు మఱొక వెఱ్ఱి పుట్టినది. బీరువాలో తడిగుడ్డ నొకదానిని వ్రేలాడగట్టుదునా యని అతని నడిగితిని. ‘వద్దండమ్మగారూ, హెడ్డు నడిచే ఇనుప కడ్డీ తుప్పు పడుతుంది, బోర్డు పాడైపోతుంది’ అని వారించెను. తడి కావలసినది ఆ రూపాయి బిళ్ళంత గిన్నెలో మాత్రమే, తక్కిన యంత్రమంతయు మన పాత ధర్మముననే పొడిగా నుండవలెను. కాగితములను లోపల వదలరాదు. అవి చెమ్మ పీల్చి వంకరపోవును. సిలికాజెల్ పొట్లములు మాత్రము పెట్టలేదు. కలరా ఉండలు కూడ పెట్టలేదు, వాని ఆవిరి కొన్ని ప్లాస్టికులను మెత్తబఱచును. చీమలు రాకుండ బీరువా వెలుపల వేపాకు చల్లితిని. తొట్ల మూతలు బిగించితిని. కొన్ని యంత్రములకు సిరాను ఆపు తాళపు మీట యొకటి వేఱుగ నుండునట, మా దానికి లేదు.

అటక మాట తలపెట్టలేదు. ఉత్తరపు గదిలో, ఎండ తగులని గోడనున్న బీరువా క్రింది అఱను ఖాళీ చేసితిని. నలుబది డిగ్రీలకు మించిన వేడి తగులరాదని యంత్రముతో వచ్చిన చిన్నపుస్తకములోనే యున్నది, మొదటిమాఱు నేను దానిని విప్పనేలేదు. అఱమీద నిమ్మకాయ నుంచి చూచితిని. అది దొరలినది. అట్టముక్కను ఒకప్రక్క పెట్టి సరిచేసితిని. యంత్రము ఒఱగియున్నచో సిరా ఒకప్రక్కకు నడచును. పాత నూలుచీర కప్పి, దానిపై పాలిథీను సంచిని గట్టిగా కట్టక వదులుగా తొడిగితిని. మిగిలిన సిరా బుడ్లను నిలువుగా వేఱొక అఱలో పెట్టితిని.

సిరాపెట్టెతోనే హెడ్డు కలిసియుండు ప్రింటర్లు కలవు. అవి యున్న సోదరీమణులకు ఇంత భయము లేదు. హెడ్డు చెడినచో పెట్టె మార్చినప్పుడు అదియు మాఱును. కొలది నెలలకైనచో పెట్టెలను యంత్రములోనే ఉంచుట మేలు. తీయవలసినచో గాలి చొరని చిన్నడబ్బాలో, రంధ్రములున్న ముఖము దేనికిని తగులకుండ పెట్టవలెను. ఆ ముఖమును, రాగి బిళ్ళలను వ్రేలితో ముట్టరాదు. మఱియొకమాట. సంవత్సరమునకు మూడునాలుగు మాఱులు మాత్రమే అచ్చుతీయు ఇంటికి ఈ జాతి యంత్రమే తగదని నా యభిప్రాయము. పొడితో పనిచేయు లేజరు ప్రింటరు కొనుట మేలు. దానిలో ఆఱిపోవుటకు తడియే లేదు. నాకీ తెలివి 2021లో లేకపోయెను. ఉన్నదానితోనే కాపురము చేయుచున్నాను.

2025 జూన్ రెండవ వారమున తిరిగివచ్చితిమి. అత్తగారు చేతికఱ్ఱతో వాకిటివఱకు నడచి మమ్ము సాగనంపిరి. ఇంటికి వచ్చి సామాను దింపినదే తడవుగా బీరువా తెఱవబోతిని. ‘ముందు కాళ్ళు కడుగుకో’ అని మావారనిరి. కడుగుకొంటిని గాని తుడుచుకొనలేదు.

యంత్రమును బల్లమీద పెట్టి, మీట నొక్కితిని. ఎప్పటికంటె ఎక్కువసేపు లోపల చప్పుడు చేసినది. పరీక్షాపత్రము తీసితిని. నీలము, ఊదా పూర్తిగా నున్నవి. పసుపులో ఒకచోట గీత తెగినది. నలుపులో అయిదుచోట్ల. ఒకమాఱు శుభ్రము చేయించితిని. పసుపు కుదిరినది. నలుపులో రెండు తెగులు మిగిలినవి. మఱియొకమాఱు మీట నొక్కుటకు వ్రేలు పోయెను. వెనుకటి తొమ్మిదిమాఱులు జ్ఞప్తికి వచ్చి ఆపుకొంటిని. వెంటవెంటనే శుభ్రము చేయించుటవలన సిరా వృథాయగునే గాని గట్టిపడినది నానదు. రాత్రియంతయు వదలివేయుము, లోపలి సిరాయే దానిని నానబెట్టునని కుఱ్ఱవాడు చెప్పియుండెను. మీటతో ఆపి, పోయి పడుకొంటిని. నిద్రపట్టినదని చెప్పలేను.

తెల్లవారి ఒకమాఱు శుభ్రము చేయించి పత్రము తీసితిని. కిటికీవద్దకు తీసికొనిపోయి గీత గీతయు లెక్కించితిని. ఒక్కటియు తెగలేదు.

ఆ దినముననే తొమ్మిదవ నోటుపుస్తకము విప్పి ఒక పుట టైపు చేసితిని. 36 కొలత చాలదేమోయని వదినగారి నడిగితిని. మంచి వెలుతురున, కాగితమును కొంచెము ప్రక్కకు పెట్టుకొని చదువుచున్నారని చెప్పినది. పుటను పంపితిని. పదిదినములకు తిరిగివచ్చినది. మూడవ పంక్తిలో ఒక అక్షరము చుట్టును ఎఱ్ఱసిరాతో సున్న చుట్టియున్నది. శకటరేఫము వేయవలసినచోట నేను సాధురేఫము వేసితిని.